నా పదాల ఆటను టీవీ వాళ్లు అడుగుతున్నారు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: నేను కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. పిల్లలకు ఒత్తులు, గుణింతాలు ఆడుతూ పాడుతూ వచ్చేస్తాయని అక్షరాల బిళ్లలతో ఒక బోర్డు ఆట తయారు చేశాను. ఒత్తులకు వేరే చిన్న బిళ్లలు ఉంటాయి, వాటిని అక్షరం కింద పెట్టాలి. నాలుగేళ్లలో మూడు వందల సెట్ల దాకా ఏడురోడ్ల దగ్గర షాపుల్లో, వాట్సాప్‌లో అమ్మాం. బోర్డు, పెట్టె మీది బొమ్మ మా డ్రాయింగ్ సారు గీసిచ్చారు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఒక ప్రొడక్షన్ కంపెనీ వాళ్లు దీన్ని టీవీ గేమ్ షో చేస్తామంటున్నారు. రౌండ్లు ఎలా ఉండాలో రాసి, వీడియో తీసి పంపమన్నారు. యాభై వేలు ఇస్తాం, సర్వహక్కులూ మావే అని అగ్రిమెంట్ పంపారు. మా ఆయన ‘వచ్చిన కాడికి లాభం, సంతకం పెట్టేయ్’ అంటున్నారు. ఇది అక్షరాల బిళ్లలతో ఇంగ్లీషు పదాలు పేర్చే స్క్రాబుల్ ఆట లాగా ఉందని ఆ స్క్రాబుల్ కంపెనీ వాళ్లు మా మీద కేసు వేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. షోలో పదం సరైనదా కాదా తేల్చడానికి ఏ నిఘంటువైనా వాడుకోవచ్చా సార్?

జవాబు: సంతకం పెట్టకండి. వీడియో కూడా ఇప్పుడే పంపకండి. మీ ఉత్తరంతో పాటు రౌండ్ల గురించి రెండు పేజీలు రాసి పంపారు. వాటిని, ఆట పేరును ఇక్కడ కావాలనే వేయడం లేదు. ఎందుకో కింద చదివితే మీకే అర్థమవుతుంది.

ముందు స్క్రాబుల్ భయం తీర్చేద్దాం. ఒక ఆటను ఆడే పద్ధతి మన చట్టంలో ఎవరి సొత్తూ కాదు. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎం) ఆట ఆడే పద్ధతికి పేటెంట్ ఇవ్వరాదని తేల్చి చెబుతోంది. కాపీరైట్ కూడా ఆలోచనకు ఉండదు, దాన్ని రాసిన తీరుకు, గీసిన తీరుకు ఉంటుంది. ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే ఈ మాట చెప్పింది. స్క్రాబుల్ విషయంలోనే నేరుగా ఒక తీర్పుంది. కలకత్తాకు చెందిన అగర్వాలా సోదరులు ‘స్క్రాబ్యులస్’ పేరుతో ఇంటర్నెట్‌లో స్క్రాబుల్ లాంటి ఆట పెట్టారు. ఫేస్‌బుక్‌లో అది లక్షల మందికి అలవాటైపోయింది. అమెరికా, కెనడాల్లో స్క్రాబుల్ హక్కులు హాస్‌బ్రో కంపెనీవి, మిగతా దేశాల్లో మాటెల్ కంపెనీవి. మాటెల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2008 సెప్టెంబర్‌లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల్లో, బోర్డు మీదా నియమాల మీదా కాపీరైట్ వాదన నిలవదని కోర్టు అంది. పేరు దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. ‘స్క్రాబుల్’ను గానీ, దాన్ని తలపించే ‘స్క్రాబ్యులస్’ను గానీ వాడొద్దంది. వాళ్లు తర్వాత ‘లెక్సులస్’ అని పేరు మార్చుకున్నారు. కాబట్టి మీ ఆట పేరు, ప్రచారం ఆ పేరును తలపించకుండా చూసుకోండి. వాట్సాప్ ప్రకటనలో ‘తెలుగు స్క్రాబుల్’ అని వేసినట్టు మీ ఉత్తరంలోనే ఉంది. అది ఈ రోజే తీసేయండి.

ఇక్కడే చిక్కంతా ఉంది. మిమ్మల్ని స్క్రాబుల్ వాళ్ల నుంచి కాపాడే సూత్రమే మీ ఆటను హైదరాబాద్ వాళ్లకు తెరిచి పెడుతుంది. ఒత్తు బిళ్లను అక్షరం కింద పెట్టడమన్నది మీ ఆలోచనే కావచ్చు, కానీ రేపు ఇంకొకరు అలాంటి ఆటే వేరే పేరుతో చేస్తే ఆపడం కష్టం. పైగా కాపీరైట్ చట్టం సెక్షన్ 15(2) ఒకటుంది. డిజైన్‌గా, అంటే వస్తువు పైకి కనిపించే రూపంగా, రిజిస్టర్ చేయించదగినదాన్ని రిజిస్టర్ చేయించకుండా యంత్రాల మీద 50 ప్రతులు దాటించి తయారు చేస్తే, అందులో కాపీరైట్ పోతుంది. మీరు మూడు వందల సెట్లు దాటేశారు. ఇప్పుడు డిజైన్ రిజిస్ట్రేషన్‌కు వెళ్దామన్నా, బయట అమ్మేసినది కొత్త డిజైన్ కాదు కాబట్టి కుదరదు. పెట్టె మీది బొమ్మ విడిగా ఒక చిత్రమని వాదించవచ్చు గానీ, బోర్డు గళ్ల మీద నేనైతే ఆశ పెట్టుకోను.

అలాగని చేతిలో ఏమీ లేదనుకోకండి. నాలుగేళ్లుగా అమ్ముతున్న పేరుంది. టీవీ వాళ్లు నిజంగా కొనేది చాలాసార్లు అదే. అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్ 1984 నుంచి 1990 దాకా స్క్రాబుల్ పేరుతో గేమ్ షో నడిపింది. అందులో ఎవరూ బిళ్లలు పేర్చలేదు. క్లూ ఇచ్చి, ఒక్కో అక్షరం వెల్లడిస్తూ పదం చెప్పించారు. ఆట దాదాపు మొత్తం మార్చేశారు, పేరు మాత్రం వదల్లేదు. అందుకని ముందు ట్రేడ్‌మార్క్‌కు, అంటే ఆ పేరు మీద హక్కుకు, దరఖాస్తు చేయండి. ఆట వస్తువులకు 28వ క్లాసు, టీవీ వినోదానికి 41వ క్లాసు, రెండూ కావాలి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో క్లాసుకు రూ. 4,500. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ చేతికి రావడానికి సమయం పడుతుంది, కానీ దరఖాస్తు నంబరు చూపించి మాట్లాడితే అవతలివాళ్ల గొంతు మారుతుంది. పాత బిల్లు పుస్తకాలు, షాపు వాళ్ల రసీదులు పారేయకండి, ఆ పేరు ఎప్పటి నుంచి వాడుతున్నారో చెప్పే సాక్ష్యం అవే. నియమాల పుస్తకంలో మీరు రాసిన వాక్యాలకు కాపీరైట్ ఎలాగూ ఉంది, రూ. 500 కట్టి రిజిస్టర్ కూడా చేయించుకోవచ్చు.

డ్రాయింగ్ సారు దగ్గర హక్కులు రాయించుకున్నారా? ‘మా సారే కదా’ అని వదిలేసి ఉంటారు. డబ్బిచ్చినంత మాత్రాన ప్రతి బొమ్మ హక్కూ మీకు రాదు, కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. షో ప్రసారమయ్యాక అడిగితే సారుకు కాకపోయినా సారు ఇంట్లోవాళ్లకు ఆలోచనలొస్తాయి. ఇప్పుడే అడగండి.

ఇక ఆ రెండు పేజీలు. షాపులో అమ్మిన ఆటలో రహస్యం లేదు. కానీ టీవీ కోసం మీరు అనుకున్న రౌండ్లు, యాంకర్ పదం అడిగే తీరు, ఓడినవాళ్లు తిరిగి వచ్చే పద్ధతి ఇంకా బయటికి పొక్కలేదు. నమ్మకం మీద చెప్పిన కాన్సెప్ట్‌ను వాడేసుకోవడం కుదరదని బొంబాయి హైకోర్టు 2003లో జీ టెలిఫిల్మ్స్, సండయల్ కంపెనీల కేసులో చెప్పింది. అయితే కోర్టు ముందు రెండు చూపించాలి. ఏం చెప్పారో వివరంగా రాసి ఉండాలి, రహస్యంగా ఉంచాలనే షరతు మీద చెప్పినట్టు తెలియాలి. కాబట్టి ఒక పేజీ రహస్య ఒప్పందం మీద వాళ్ల సంతకం వచ్చాకే ఆ పేజీలు పంపండి, అదీ ఈమెయిల్‌లో. ఫోన్‌లో గంటసేపు చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. అలాంటి ఒప్పందం మా పద్ధతి కాదని వాళ్లంటే, పేరు, ఒక పేరా పరిచయం తప్ప ఇంకేం పంపకండి.

వాళ్ల అగ్రిమెంట్ చదివాను. యాభై వేలు తక్కువన్నది పెద్ద దోషం కాదు. ‘శాశ్వతంగా, అన్ని భాషల్లో, అన్ని మాధ్యమాల్లో, బోర్డు ఆట అమ్మకంతో సహా’ అన్న వాక్యం చూడండి. దాని ప్రకారం రేపు మీ ఆటను ఏడురోడ్ల దగ్గర మీరే అమ్మలేరు. హక్కులు అమ్మకుండా లైసెన్సు ఇవ్వండి: తెలుగు షో వరకే, ఇన్నేళ్ల వరకే, ఎపిసోడ్‌కు ఇంత అని. కన్నడం, తమిళం అడిగితే మళ్లీ మాట్లాడుకోవాలి. సెట్ల అమ్మకం మీ దగ్గరే ఉండాలి, టైటిల్స్‌లో మీ పేరు పడాలి. ఏడాదిలోపు షో మొదలుకాకపోతే హక్కులు తిరిగి మీకు రావాలని కూడా రాయించండి. హక్కులు బదిలీ చేయించుకున్నవారు ఏడాదిలోపు వాడకపోతే ఆ బదిలీ చెల్లదని సెక్షన్ 19(4)లోనూ ఉంది, కానీ అగ్రిమెంట్‌లో వేరుగా రాసుకుంటే అది వర్తించదు. వాళ్ల డ్రాఫ్ట్‌లో సరిగ్గా అలాగే వేరుగా రాశారు.

చివరి పేజీలో ఇంకో వాక్యం ఉంది. ఎవరైనా కేసు వేస్తే ఛానెల్ ఖర్చు, నష్టపరిహారం అంతా మీరే భరించాలట. మీ స్క్రాబుల్ టెన్షన్ నిజంగా పెట్టుకోవాల్సింది ఇక్కడే. కేసు గెలిచినా వకీళ్ల ఫీజులు మీ నెత్తిన పడతాయి. నేను కాపీ కొట్టలేదన్న హామీ వరకు ఇవ్వండి, నా బాధ్యత నాకు వచ్చిన ఫీజు మొత్తానికి మించదని రాయించండి.

నిఘంటువు సంగతి తేలిక. పదం ఉందా లేదా అని చూడటానికి ఏ నిఘంటువైనా తెరవొచ్చు. దాని పదాల పట్టికనంతా యాప్‌లో ఎక్కిస్తేనే పబ్లిషరు అనుమతి కావాలి. బ్రౌన్ నిఘంటువుకు ఆ పేచీ కూడా లేదు. అది 1852 నాటిది, బ్రౌన్ దొర 1884లో పోయారు. మన దగ్గర రచయిత మరణం తర్వాత 60 ఏళ్లకు కాపీరైట్ ముగుస్తుంది. మీరు ఉండేదే కడప, ఎర్రముక్కపల్లిలో ఆయన పేరు మీదే గ్రంథాలయం ఉంది. కాకపోతే అందులో బస్సు, సెల్లు లాంటి మాటలు దొరకవు. వాటికి మార్కులివ్వాలా వద్దా అన్నది మీ నియమాల పుస్తకంలో ముందే రాసుకోండి, లేకపోతే షూటింగ్ రోజు సెట్లో గొడవలవుతాయి.