సందేహాలు – సమాధానాలు: మట్టి బాక్టీరియాలో దాగిన మందులు

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతోంది. బాక్టీరియా జన్యువులను మార్చి కొత్త మందులు కనిపెడుతున్నారని చెబుతోంది. ప్రకృతిలో ఉన్నదాన్ని వెతకడం వేరు, దాన్ని మార్చడం వేరు కదా? మన శేషాచలం మట్టిలో అలాంటివి దొరుకుతాయా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఒకప్పుడు అవి వేరువేరు పనులే. ఇప్పుడు మార్చనిదే వెతకడం సాగని స్థితి వచ్చింది. తొలకరికి నేల నుంచి లేచే వాసనకు కారణమైన జియోస్మిన్‌ను తయారుచేసే బాక్టీరియాలలో ముఖ్యమైనది స్ట్రెప్టోమైసిస్. 1943లో క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయోటిక్ దొరికింది ఈ జాతిలోనే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ అనే అమెరికా ఔషధ సంస్థ నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా ఈ జాతి ఇచ్చిందే. తరువాతి దశాబ్దాలలో మాత్రం, ఎన్ని చోట్ల మట్టి తెచ్చి పరీక్షించినా, తెలిసిన మందులే మళ్లీ మళ్లీ ఎదురయ్యాయి.

2002లో ఈ జాతికే చెందిన స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ పూర్తి జన్యుక్రమం వెలువడినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ జీవి తయారుచేస్తుందని అప్పటికి తెలిసిన, యాంటీబయోటిక్‌ల వంటి రసాయనాలు వేళ్లమీద లెక్కపెట్టదగినవే. వాటిని తయారుచేయగల జన్యు సముదాయాలు (పక్కపక్కనే ఉండి కలిసి పనిచేసే జన్యువుల గుంపులు) మాత్రం ఇరవైకి పైగా ఉన్నాయి. పుష్టికరమైన ఆహారంతో, పోటీపడే జీవులు లేకుండా ప్రయోగశాలలో పెరిగే బాక్టీరియాలో ఇలాంటి సముదాయాలు చాలావరకు పనిచేయకుండానే ఉండిపోతాయి.

వాటిని పనిచేయించడమే మీ అమ్మాయి చెప్పిన విద్యలో మొదటి మెట్టు. అణచివేసే జన్యువును తొలగిస్తారు, లేదా సముదాయాన్ని మొత్తంగా కత్తిరించి, సులభంగా పెరిగే మరో బాక్టీరియాలోకి చేరుస్తారు. రెండవ మెట్టు మరింత ఆసక్తికరం. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ మూలనిర్మాణాన్ని ఆరు ఎంజైమ్ విభాగాలు, పూలదండ కట్టేవారు ఒక్కొక్క పువ్వును చేర్చినట్లు, వరుసగా ఒక్కొక్క ముక్కను కలుపుతూ నిర్మిస్తాయి. వాటిలో ఒక విభాగాన్ని మార్చితే ప్రకృతిలో లేని అణువు రావచ్చు. ఆ మూలనిర్మాణాన్ని 2001లోనే ఇ.కోలై అనే మరో బాక్టీరియాలో తయారుచేయించగలిగారు. అయితే మార్చిన ముక్కను తరువాతి విభాగాలు స్వీకరించకపోవడం, స్వీకరించినా దిగుబడి బాగా పడిపోవడం నేటికీ పెద్ద అడ్డంకులే; అందుకే, నా దృష్టిలో, నిద్రాణమైన సముదాయాలను మేల్కొలిపే పనే ప్రస్తుతం ఎక్కువ ఫలితమివ్వగలదు.

ఇక శేషాచలం విషయం. స్ట్రెప్టోమైసిస్ దాదాపు ప్రతి నేలలోనూ ఉంటుంది కనుక అక్కడా ఉంటుంది. దానిలో కొత్తదనం ఉన్నదీ లేనిదీ జన్యుక్రమం చదివితేనే తేలుతుంది. 2010లో జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించిన ఆ అడవి నుంచి అటవీశాఖ అనుమతి లేకుండా మట్టి తేకూడదు. అమ్మాయిని పెరటి మట్టితో, అధ్యాపకుల పర్యవేక్షణలో, మొదలుపెట్టమనండి.

ప్రశ్న: జన్యువులు మార్చిన జీవి తయారుచేసిన మందు వేసుకుంటే ఆ జీవి మన ఒంట్లోకి వస్తుందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రాదు. జీవిని తొలగించి, మందును మాత్రమే శుద్ధిచేసి, పరీక్షించాకే విడుదల చేస్తారు. 1982 నుంచి మధుమేహ రోగులు వాడుతున్న మానవ ఇన్సులిన్‌ను మొదట ఇ.కోలైలోనే తయారుచేశారు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా కూడా జన్యువు చేర్చిన ఈస్టు నుంచి వచ్చిందే.