తీగ అల్లే వేళ్లకే పొక్కులు.. ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. ఏడాదిగా ఇంట్లోనే తోలు ముక్కలు, తీగలతో కమ్మలు, బ్రేస్‌లెట్లు చేసి అమ్ముతున్నాను. మూడు నెలలుగా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలి కొసల్లో దురద, సన్నటి నీటిపొక్కులు. తర్వాత చర్మం ఎండి పగులుతోంది. నేను చేసిన కమ్మలు పెట్టుకుంటే చెవితమ్మెలు రసి కారుతున్నాయి. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గి, మళ్లీ వస్తోంది. పని మానేయాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మానక్కర్లేదమ్మా. ముందు తీగ మార్చండి. కుడిచేతివాటం వాళ్లు ప్లయర్ కుడిచేత్తో పట్టుకుని, తీగను ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య బిగించి పడతారు. మీకు పొక్కులొచ్చింది సరిగ్గా అక్కడే. కొక్కెం తగిలే చెవికీ వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది నికెల్ అలర్జీనే. చెమట తగిలితే లోహంలోని నికెల్ కరిగి చర్మంలోకి దిగుతుంది. దురద ఒకట్రెండు రోజులు ఆగి వస్తుంది కాబట్టి కారణం ఒక పట్టాన తెలియదు.

జర్మన్ సిల్వర్ తీగలో వెండి ఉండదు. అది రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం. బంగారు పూత తీగల్లోనూ చాలాసార్లు పూత కింద నికెల్ పొర ఉంటుంది. మెలిక తిప్పిన చోట, ప్లయర్ పళ్లు పడిన చోట పూత చిట్లి అది బయటపడుతుంది. డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణంతో నికెల్‌ను పరీక్షించే కిట్లు దొరుకుతాయి. దూదిపుల్లకు చుక్క అంటించి కొక్కేన్ని అర నిమిషం రుద్దండి. దూది గులాబీ రంగుకు తిరిగితే ఆ తీగ వాడొద్దు. రంగు మారకపోయినా ఒంటికి పడకపోతే అదీ వద్దు. చెవి కొక్కేలకు టైటానియం, నియోబియం మేలు. 925 వెండి (నూటికి 92.5 వంతులు వెండి ఉన్నది) చాలామందికి పడుతుంది. మీ దగ్గర కొనేవాళ్ల చెవులకూ ఇవే మంచివి.

మణికట్టు మీద, తోలు పట్టీ ఆనే చోట కూడా దద్దు వస్తే, పచ్చి తోలు పాడవకుండా పదును చేయడానికి వాడే క్రోమియం సంగతి చూడాలి. బ్లేడుతో కోస్తే అంచు మధ్యలో నీలి బూడిద రంగు కనిపించే తోలు సాధారణంగా క్రోమ్‌తో పదును చేసినదే. తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటితో పదును చేసిన తోలు అడిగి తెచ్చుకోండి. తోలును కాల్చి పరీక్షించొద్దు. ఆ బూడిదలో మరింత హానికరమైన క్రోమియం తయారవుతుంది.

తోలు అంటించే పసుపు జిగురులోని రెజిన్ కూడా కొందరికి పడదు. వేలితో కాకుండా పుల్లతో రాయండి, కిటికీ తెరిచి ఉంచండి. చేతికంటితే థిన్నర్, పెట్రోలు వద్దు. కొబ్బరినూనె రుద్ది, సబ్బుతో కడగండి.

ఇప్పటికి, షాపువాళ్లిచ్చిన ట్యూబు ఆపేయండి. చాలావరకు అవి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన క్రీములు. కొన్నింటిలో ఉండే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తోనే అలర్జీ రావచ్చు. డాక్టరుకు చూపించి మొమెటాసోన్ 0.1% ఆయింట్‌మెంట్ రాయించుకుంటే, రాత్రిపూట ఒకసారి, రెండు వారాలు చాలు. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన మందు ఒక చేతికి రెండువైపులా సరిపోతుంది. మీకు వేళ్లకే కాబట్టి అందులో కొంచెం చాలు. చేతులు కడిగిన ప్రతిసారీ వాజెలిన్ రాయండి.

ఆరు వారాలకీ తగ్గకపోతే, ఏది పడట్లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేయించండి. సోమవారం వీపుకు పట్టీలు అంటిస్తే బుధవారం తీసి చూస్తారు, శుక్రవారం మళ్లీ చూస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు. మీరు వాడే తీగ, తోలు ముక్కలు తీసుకెళ్లండి, జిగురు డబ్బా మీది లేబుల్ చూపించండి. చెవితమ్మె వాచి, చీము పడితే మాత్రం కమ్మ తీసేసి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.