బడి లాప్‌టాప్, మామ్మ తిట్టు

ఈ సంక్రాంతికి ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడి వచ్చాను. ఇరవై రెండేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నా, జనవరిలో మా వీధి అరుగు మీద కూర్చున్నానంటే నాకొకటే పని: బయల్దేరబోయేవాళ్ళ సందేహాలు తీర్చడం. వీసా, అద్దిల్లు, ఆవకాయ ఎన్ని కిలోలు పట్టికెళ్ళొచ్చు, మామూలుగా ఇవే ఉంటాయి. ఈసారి బరంపురం నుంచి మా అన్నయ్య కూతురు వచ్చింది. భర్త ముందే వెళ్ళాడు, మార్చిలో తనూ పిల్లలూ వెళ్తున్నారు. పెద్దాడు ఏడో తరగతి.

"బాబాయ్, అక్కడ బడివాళ్ళు పిల్లలకి లాప్‌టాప్ ఊరికే ఇస్తారటగా? ఇంక మేం కొనక్కర్లేదు కదా?"

"కొనాలమ్మా. ముందు అదే కొనాలి" అన్నాను.

పిల్ల మొహం చిన్నబోయింది. అమెరికాలో మొదటి నెల ఖర్చులు తెలిసినవాణ్ణి కాబట్టి ఎందుకో గంటసేపు చెప్పాను. ఆ చెప్పిందే ఇది.

చాలా బళ్ళలో ఇచ్చేది క్రోమ్‌బుక్, అంటే గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే లాప్‌టాప్. దాని మీద బడి పేరూ నంబరూ అతికించి ఉంటాయి. లోపలికి వెళ్ళడానికి పిల్లాడికి బడే ఒక ఈమెయిల్ ఖాతా ఇస్తుంది. దాంట్లో గో గార్డియన్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే క్లాసులో టీచరు అందరి తెరలూ తన తెర మీద ఒకేసారి చూడొచ్చు, మనవాడు దొంగచాటుగా తెరిచిన ఆటని తన బల్ల దగ్గర్నుంచే మూసెయ్యొచ్చు. గాగుల్ లాంటిది ఇంకో రకం. బడి ఈమెయిల్లో, గూగుల్ డాక్స్‌లో పిల్లలు రాసినదాన్ని అది జల్లెడ పడుతుంది. చావు, తుపాకి, బాంబు లాంటి మాట తగిలితే ఆ కంపెనీ మనుషులు చూసి బడికి కబురు పెడతారు.

ఇంటికొచ్చాక ఈ కాపలా ఆగుతుందా అంటే, ఒక్కో బడిది ఒక్కో పద్ధతి. కొన్నిచోట్ల బడి వేళల్లోనే, కొన్నిచోట్ల రాత్రీ పగలూ. ఇది అడిగి తెలుసుకోవలసిన మొదటి ప్రశ్న. రెండో సంగతి కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్ళకి కూడా తట్టదు. ఇంట్లో మీ సొంత కంప్యూటర్ మీద పిల్లాడు క్రోమ్ బ్రౌజర్ తెరిచి బడి ఖాతాతో లాగిన్ అయితే, బడి పెట్టిన కాపలా ఆ ఖాతా వెంటే మీ కంప్యూటర్లోకీ రావచ్చు. అందుకని క్రోమ్‌లో వాడికి వేరే ప్రొఫైల్ పెట్టండి. హోంవర్క్ అవగానే అది మూయించండి.

కొత్తగా వచ్చినవాళ్ళు చేసే పని ఒకటుంది, నేనూ ఎందరి ఇళ్ళలోనో చూశాను. ఒంటిగది అపార్ట్‌మెంటు, సామాను ఇంకా విప్పలేదు, ఇంట్లో ఉన్న ఒకే పెద్ద తెర పిల్లాడి క్రోమ్‌బుక్. వీసా కాగితాలు దాంట్లోనే, పాస్‌పోర్టు స్కాన్ దాంట్లోనే, బ్యాంకు పాస్‌వర్డూ దాంట్లోనే. ఇది మాత్రం చెయ్యొద్దు. చవకది, పాతదైనా సరే, మీదంటూ ఒకటి కొనుక్కోండి. ఫోను ఛార్జింగుకి కూడా బడి క్రోమ్‌బుక్‌కి తగిలించొద్దు. గోడకి ప్లగ్గు ఉంది కదా.

ఇదంతా అక్కడ చట్టానికి విరుద్ధమా అని మా ఎదురింటి మాష్టారు అడిగారు. కాదు. 2000లో సీపా అనే చట్టం వచ్చింది. ఇంటర్నెట్ బిల్లులో ప్రభుత్వం ఇచ్చే రాయితీ కావాలంటే బళ్ళు అశ్లీల బొమ్మలు అడ్డుకోవాలి, పిల్లలు ఆన్‌లైన్లో ఏం చేస్తున్నారో కనిపెట్టి ఉండాలి. ఆ రాయితీ బడిని బట్టి ఇరవై నుంచి తొంభై శాతం దాకా ఉంటుంది, ఎవరు వదులుకుంటారు? అయితే ఫలానా పిల్లాడి ఇంటర్నెట్ వాడకాన్ని జాడ పట్టి తీరాలని ఈ చట్టం అనడం లేదని అందులోనే రాసి ఉంది. బళ్ళు ఆ వాక్యం చదివినట్టు కనబడదు.

హద్దు దాటితే ఏమవుతుందో మా పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా చూసింది. ఫిలడెల్ఫియా శివారు లోయర్ మెరియన్‌లో ఒక హైస్కూలు కుర్రాణ్ణి 2009 నవంబరులో అసిస్టెంట్ ప్రిన్సిపాల్ పిలిచి, నువ్వు ఇంట్లో తప్పు పని చేస్తున్నావని నిలదీశారు. ఆధారం, వాడి గదిలో బడి లాప్‌టాప్ కెమెరా తీసిన ఫోటో. వాడి చేతిలో ఉన్నవి మాత్రలనుకున్నారు, వాడేమో చాక్లెట్లన్నాడు. లాప్‌టాప్ పోతే దొంగని పట్టుకోవడానికని పెట్టిన ఏర్పాటు, పావుగంటకొకసారి ఫోటో తీస్తూ పోయింది. 2010లో కేసు పడ్డాక లెక్క చూస్తే, అలా పిల్లలందరి లాప్‌టాప్‌లూ తీసిన కెమెరా ఫోటోలూ తెర బొమ్మలూ కలిపి 56,000 పైచిలుకు. 6,10,000 డాలర్లకి రాజీ కుదిరింది. ఆ తర్వాత 2013లో మా న్యూజెర్సీ ఒక చట్టం చేసింది: ఇచ్చిన యంత్రం పిల్లల పనిని రికార్డు చెయ్యగలదని బడి రాతపూర్వకంగా ముందే చెప్పాలి, ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టి తిప్పి పంపాలి. ఆగస్టు, సెప్టెంబరులో ఇంటికొచ్చే కాగితాల కట్టలో ఉండేది అదే. అందరూ చదవకుండా సంతకం పెట్టేది కూడా అదే. నేనూ అలాగే పెట్టాను.

ఇక మా ఇంటి భాగోతం.

మా చిన్నాడు తొమ్మిదో క్లాసులో ఉండగా, స్నేహితుడితో కలిసి గూగుల్ డాక్స్‌లో సైన్స్ ప్రాజెక్టు రాస్తున్నాడు. ఆ అబ్బాయి వీడు రాసిన పేజీ పొరపాటున చెరిపేశాడు. మావాడు పక్కన వ్యాఖ్య పెట్టాడు, ఇంగ్లీషులో: నిన్ను చంపి పెరట్లో పాతిపెడతాను. రాత్రి ఎనిమిదిన్నరకి బడినుంచి ఫోను.

ఆ మాట మా అమ్మది. ఎండాకాలం సెలవులకి ఇక్కడికి తీసుకొస్తే, మామిడికాయ ముక్కలు ఎత్తుకుపోయిన ప్రతిసారీ "ఒరే గుంటడా, చంపి పాతరేస్తాను" అంటుంది, అని ఇంకో ముక్క చేతిలో పెడుతుంది. మరునాడు బడిలో ఇది వివరించబోయాను. కౌన్సెలరు చాలా మర్యాదగా, "మీ అమ్మగారు పిల్లలతో తరచు ఇలా మాట్లాడతారా?" అని కాగితం మీద రాసుకోవడం మొదలెట్టింది. నాకు చెమట పట్టింది.

ఆలోచించండి, మనం మాట్లాడేదాంట్లో సగం ఇదే. ఈ హోంవర్కుతో చస్తున్నాను. నవ్వలేక చచ్చాను. ప్రాణం తీస్తున్నావు, తోలు తీస్తాను. తెలుగులో ఇవి ముద్దుమాటలు. పిల్లలు మాట మాటకీ ఇంగ్లీషు చేసి రాస్తే ఆ మరకి ముద్దు కనబడదు, చావే కనబడుతుంది. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మా వాడుక మాటే మమ్మల్ని పట్టించింది.

నిజంగా బాధలో ఉన్న పిల్లని కనిపెట్టడానికే ఇదంతా అని బళ్ళు అంటాయి. ఆ మాట నేను కొట్టిపారెయ్యను. కానీ మావాడు ఆర్నెల్ల పాటు ప్రాజెక్టు డాక్స్‌లో ఒక్క జోకు రాయలేదు. దానికి ఎవరిని అడగాలో నాకు తెలియలేదు.

ఇలాంటి ఫోనొస్తే ముందు పిల్లాడి మీద చెయ్యెత్తకండి, అరవకండి. వాడినే అడగండి, ఏం రాశాడో మొత్తం చూడండి. తర్వాత బడికి ఈమెయిల్ పెట్టండి. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం బడి దగ్గరున్న పిల్లాడి రికార్డు చూసే హక్కు తల్లిదండ్రులది. అడిగిన 45 రోజుల్లోగా చూపించాలి. అందులో తప్పుగా ఉన్నది దిద్దమని కోరొచ్చు. ఒప్పుకోకపోతే విచారణ అడగొచ్చు, అక్కడా కుదరకపోతే మన వివరణ రాసి దానికి జత చేయించొచ్చు. నేను చూపించమని రాస్తే మూడు వారాల్లో చూపించారు. మామ్మ సంగతి, మామిడికాయ ముక్కల సంగతి ఒక పేరాలో రాసి ఇచ్చాను. ఇప్పుడది ఒక అమెరికా బడి ఫైల్లో ఉంది.

రాయగడ నుంచి ఎమ్మెస్‌కి వెళ్తున్న కుర్రాడొకడు కూడా ఆ పూట అరుగు మీదే ఉన్నాడు. వాడికి వేరే చెప్పాను. కాలేజీలో చేరాక ఫెర్పా హక్కు పూర్తిగా విద్యార్థిది. ఫీజు కట్టిన నాన్న మార్కులు అడిగినా, మామూలుగా వీడు సంతకం పెట్టి ఒప్పుకుంటేనే చెప్తారు. (వాళ్ళ నాన్న పక్కనే ఉన్నారు, ఆయనకి ఇది నచ్చలేదు.) ఆన్‌లైన్ పరీక్షకి ముందు కెమెరాతో గదంతా తిప్పి చూపించమంటే, 2022లో ఒహాయోలో ఒక ఫెడరల్ జడ్జి అది రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పిచ్చాడు. ఆ కేసు క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీది, అంటే ప్రభుత్వానిది. రాజ్యాంగంలోని ఆ హద్దు ప్రభుత్వానికే కాబట్టి ప్రైవేటు యూనివర్సిటీలో ఆ వాదన నిలవదు. కాబట్టి గొడవకి దిగేముందు మీది ఏదో చూసుకోవాలి.

మా అన్నయ్య కూతురికి మాత్రం కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ కలిపి, ఏ గుమ్మంలో ఏ మాటో మన పిల్లలకి పుట్టుకతో అలవాటు. క్రోమ్‌బుక్ మీ భోజనాల బల్ల మీదున్నా అది బడి గుమ్మమేనని పెద్దాడికి చెప్పమన్నాను. మామ్మతో వీడియో కాల్ నాన్న ఫోన్లో.

"మరి కెమెరా, బాబాయ్?"

మా ఆవిడ చేసింది చెప్పాను: కెమెరా కన్ను మీద బొట్టుబిళ్ళ. చదువు అవసరమైనప్పుడు తీసి తెర అంచుకి అంటించడం, మళ్ళీ పెట్టడం. జిగురు పోతే ఇంకోటి. తిరిగి వెళ్ళాక అన్నయ్య కూతురు బరంపురంలో పట్టు చీరలతోపాటు నాలుగు బొట్టుబిళ్ళల అట్టలు కొందట. నల్లవి దొరకలేదు, మెరూన్‌వి తీసుకున్నానని ఫోన్ చేసి, ఫర్వాలేదా అని అడిగింది.