వెర్సాయ్: ప్యాలెస్ టికెట్ ఉన్నా తోట గేటు దగ్గర ఎందుకు ఆపారు?

పారిస్ దగ్గరున్న వెర్సాయ్ రాజభవనానికి ఆదివారం వెళ్తే, ప్యాలెస్ టికెట్ ఉన్నా తోటలోకి రానివ్వలేదని, రేపు మళ్లీ వెళ్తానని రాశారు. మీరు కొన్నది ప్యాలెస్‌కి మాత్రమే పనికొచ్చే టికెట్ అయి ఉంటుంది. తోటలకి మామూలుగా డబ్బు తీసుకోరు. కానీ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఫౌంటెన్ షోలు, సంగీతం ఉండే రోజుల్లో తోటకి వేరే టికెట్ కావాలి. మీరు వెళ్లిన ఆదివారం అలాంటిదే.

రేపు మళ్లీ వెళ్తానన్నారు. రేపు సోమవారం, ప్యాలెస్ మూసి ఉంటుంది. మంగళవారం పెట్టుకోండి.

1. ఈసారి 'పాస్‌పోర్ట్' అనే టికెట్ తీసుకోండి (మన పాస్‌పోర్ట్ కాదు, టికెట్ పేరే అది). ప్యాలెస్, ట్రియనాన్ (తోటల అవతల ఉన్న చిన్న రాజభవనాలు), షో రోజుల్లో తోటలు అన్నీ అందులోనే.

2. చాలామంది మర్చిపోయేది ఇదే: టికెట్ మీద ఉన్న టైమ్ ప్యాలెస్ లోపలికి వెళ్లడానికి. ట్రియనాన్ భవనాలు మధ్యాహ్నం 12కి గానీ తెరవరు. పొద్దున 9 స్లాట్ తీసుకుని ముందు ప్యాలెస్, తర్వాత తోట, ఆఖర్న ట్రియనాన్. తిరగేస్తే మూసిన తలుపు ముందు నిలబడాలి.

3. ప్యాలెస్ నుంచి ట్రియనాన్‌కి నడక అరగంట దాకా పడుతుంది. పెద్దవాళ్లుంటే తోటలో తిరిగే చిన్న రైలు ఎక్కించండి, దానికి డబ్బు వేరు.

4. పారిస్ నుంచి వచ్చే లోకల్ రైలు ఆర్‌ఈఆర్ సి లైన్‌లో దిగాల్సిన స్టేషన్ 'వెర్సాయ్ షాతో రివ్ గోష్'. వెర్సాయ్‌లోనే ఉన్న ఇంకో స్టేషన్ 'షాంతియే'లో దిగితే నడక ఎక్కువ.