ఉద్యోగాల్లో అఫర్మేటివ్ యాక్షన్ అంటే మెరిట్ ఉన్నవాళ్ళకి అన్యాయమేనా?

అఫర్మేటివ్ యాక్షన్ అంటే వివక్ష ఎదుర్కొనేవాళ్ళకి కూడా అవకాశం దక్కేలా తీసుకునే చర్యలు. నా దృష్టిలో ఇది అన్యాయం కాదండీ, కాకపోతే ఎలా అమలు చేస్తున్నారన్నది ముఖ్యం. చాలామంది దీన్ని కోటా అనేసుకుంటారు, కానీ అమెరికాలో 1961లో అధ్యక్షుడు కెనెడీ ఇచ్చిన ఆర్డర్‌లో ఈ మాట వచ్చినప్పుడు చెప్పింది ఏంటంటే, జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూడకుండా మనుషుల్ని తీసుకునేలా ప్రభుత్వ కాంట్రాక్టర్లు పనిగట్టుకుని చర్యలు తీసుకోవాలి అని.

పనిగట్టుకుని ఎందుకంటే, మెరిట్‌ని చూసేది కూడా మనుషులే కదా. 2004లో వచ్చిన ఒక స్టడీ కోసం బోస్టన్, చికాగోల్లో దాదాపు 5,000 కల్పిత రెజ్యూమేలు పంపారు, కొన్నిటి మీద తెల్లవాళ్ళవనిపించే పేర్లు, కొన్నిటి మీద నల్లవాళ్ళవనిపించే పేర్లు, లాటరీ తీసినట్టు పెట్టి. తెల్లవాళ్ళ పేరున్న వాటికి దాదాపు 50 శాతం ఎక్కువ కాల్స్ వచ్చాయి. లోపలి అర్హతలు ఒకటే, పైన పేరే తేడా! ఇంటర్వ్యూ దాకా కూడా రానివ్వకుండా ఆపేస్తే ఇంక మెరిట్ ఎక్కడ చూపించుకుంటారు చెప్పండి.

అలాగని అవతలి బాధ ఉత్తదేం కాదు, చివర్లో ఉద్యోగం చేజారిపోయిన కుర్రాడు తనెవరికీ అన్యాయం చేసుండడు. అందుకే నేనైతే మొదటి దశలోనే గట్టిగా పట్టుకోవాలంటాను: ప్రకటన అందరికీ చేరేలా వేయడం, తెలిసినవాళ్ళ రికమండేషన్ మీదే ఆధారపడకపోవడం, పేరు కనపడకుండా రెజ్యూమేలు చూడటం, అందర్నీ అవే ప్రశ్నలు అడిగి మార్కులు వెంటనే రాసేయడం. వీటివల్ల అర్హత ఉన్నవాడికి పోయేదేం లేదు.