అమ్మకాలు ఆగిపోయినప్పుడు ముందు ఏం మార్చాలి? పదహారేళ్లు కంపెనీ నడిపిన అనుభవంతో నా జవాబు

మీరు అడిగింది ఇదీ: కంపెనీ పెట్టి ఎనిమిదేళ్లయింది, రెండేళ్లుగా అమ్మకాలు పెరగడం లేదు, మీటింగుల్లో టీము నోరు విప్పడం లేదు. ఇప్పుడు నేను కొత్తగా ఏదైనా నేర్చుకోవాలా, టీమును మార్చాలా, వ్యాపారాన్నే మార్చేయాలా? ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు నాకు ఒకటే ప్రశ్నగా కనిపిస్తోంది. మీ కంపెనీలో ఎవరికో ఇప్పటికే తెలిసిన సంగతి మీ దాకా ఎందుకు రావడం లేదు?

నేను పదహారేళ్లుగా చిన్న, మధ్యతరహా వ్యాపారులకు స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాను. తొమ్మిదో ఏట అచ్చం మీ పరిస్థితే. కొత్త కస్టమర్లు వస్తున్నారు, పాతవాళ్లు రెన్యువల్ చేయడం లేదు. ముందు పుస్తకాలు కొన్నాను. తర్వాత ఒక లీడర్‌షిప్ కోర్సులో చేరాను. ఆ తర్వాత సేల్స్ మేనేజర్‌ని మార్చాను. ఏడాది తిరిగేసరికి రెన్యువల్స్ ఇంకాస్త పడిపోయాయి. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, అంత టెన్షన్.

ఒకరోజు సపోర్టు టీములో పనిచేసే అమ్మాయి సెలవులో ఉంటే, వారం రిపోర్టు కోసం ఆమె ఎక్సెల్ షీటు నేనే తెరిచాను. నేను అడిగే వివరాలన్నీ మొదటి పేజీలో ఉన్నాయి. ఎన్ని కాల్స్ వచ్చాయి, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని పరిష్కారమయ్యాయి. చివర్న ఇంకో పేజీ ఉంది. దానికి పేరు కూడా పెట్టలేదు. అందులో కస్టమర్లు అన్న మాటల్ని తేదీలతో సహా ఉన్నదున్నట్టు రాసుకుంది. "ఇది ఫోన్లో చూసుకోవడం కుదరదా?" "గోడౌన్లో ఉన్నాను, ఆఫీసుకెళ్లాక చూస్తా." "కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయి రాలేదు, రేపు ఎక్కిస్తాం." ఏడాదిన్నర పాటు ఎంతోమంది చెప్పింది ఒకే సంగతి.

ఆమె వచ్చాక, ఇది నాకెందుకు చెప్పలేదని అడిగాను. "మీరిచ్చిన ఫార్మాట్‌లో దీనికి కాలమ్ లేదు సార్. ఒకసారి మీటింగ్‌లో చెప్పాను. ఫీచర్ల సంగతి డెవలప్‌మెంట్ వాళ్లు చూసుకుంటారు, నువ్వు కాల్స్ సంగతి చూడు అన్నారు." ఆ మాట అన్నది నేనే. నాకు గుర్తు కూడా లేదు. ఆమె మాత్రం మర్చిపోలేదు, ఆ తర్వాత ఏ మీటింగులోనూ నోరు తెరవలేదు.

మరుసటి వారం ఒక పాత కస్టమర్ దగ్గరికెళ్లి రోజంతా కూర్చున్నాను. ఆయన మా సాఫ్ట్‌వేర్ తెరిచి, స్టాకు పేజీ తెచ్చుకుని, కంప్యూటర్ తెరను తన ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. గోడౌన్లోకి నడుస్తూ, ఆ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి ఒక్కో వరుసా చూసుకుంటున్నాడు. తేడా కనిపించిన చోట అట్టపెట్టె మీదే పెన్సిల్‌తో అంకె రాస్తున్నాడు. సాయంత్రం వేరే మనిషి ఆ అంకెలన్నీ తిరిగి కంప్యూటర్లోకి ఎక్కించాడు. మేం ఎంతో కష్టపడి తయారుచేసిన ఇరవై రకాల రిపోర్టుల్లో ఆయన ఆ రోజు ఒక్కటీ తెరవలేదు. ఏడాది పాటు చదివిన పుస్తకాలన్నీ కలిపి చెప్పనిది ఆ ఫొటో ఒక్కటే చెప్పింది.

ఇది చిన్న కంపెనీల రోగం మాత్రమే కాదు. అమెరికా చిప్‌ల కంపెనీ ఇంటెల్ 1968లో మొదలైనప్పుడు వాళ్ల వ్యాపారం మెమరీ చిప్‌లు, అంటే కంప్యూటర్లలో సమాచారం దాచే చిప్‌లు. 1980ల్లో జపాన్ కంపెనీల దెబ్బకు అందులో నష్టాలు మొదలయ్యాయి. పైవాళ్లు నెలల తరబడి చర్చిస్తూనే ఉన్నారు. 1985లో కంపెనీ ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్, సీఈఓ గోర్డన్ మూర్‌ని ఒక ప్రశ్న అడిగాడు: బోర్డు మనల్ని తీసేసి కొత్త సీఈఓని తెస్తే అతను ఏం చేస్తాడు? మెమరీల నుంచి బయటపడతాడు అన్నాడు మూర్. అలాంటప్పుడు మనమే ఆ తలుపు దాటి బయటికెళ్లి, తిరిగొచ్చి ఆ పని చేయకూడదా అన్నాడు గ్రోవ్.

ఈ కథ చాలామందికి తెలుసు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది దాని వెనకున్న సంగతి. ఏ చిప్ మీద లాభం ఎక్కువో ఫ్యాక్టరీ సామర్థ్యం దానికే కేటాయించాలని ఇంటెల్‌లో ఒక నియమం ఉండేది. ఉత్పత్తి ప్లాన్ చేసే మధ్యస్థాయి ఉద్యోగులు ఆ నియమం ప్రకారమే నెలనెలా కొంచెం కొంచెంగా సామర్థ్యాన్ని మెమరీల నుంచి మైక్రోప్రాసెసర్లకు, అంటే కంప్యూటర్‌ని నడిపించే చిప్‌లకు మళ్లిస్తూ వచ్చారు. పైన చర్చ నడుస్తుండగానే కింద సగం పని అయిపోయింది. కొత్త దారి ఎటో కంపెనీకి ముందే తెలుసు, దాన్ని ఒప్పుకోవాల్సింది పైనున్న ఇద్దరే.

గ్రోవ్ ప్రశ్నను నేనూ నా పార్ట్‌నర్‌ని అడిగి చూశాను. జవాబు నిమిషంలో వచ్చింది: ఫోన్లో పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ చేయాలి, పాతదాన్ని క్రమంగా ఆపేయాలి. చేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

ముందు నేర్చుకోవడం గురించి. పుస్తకాలు, కోర్సులు వద్దనను. కానీ పదేళ్లు దాటినవాళ్లకు అడ్డు పడేది తెలియనితనం కంటే తెలుసన్న నమ్మకమే ఎక్కువ. నాకు దాన్ని పట్టించింది ఒక నోటుబుక్కు. ముఖ్యమైన నిర్ణయం ఏది తీసుకున్నా, ఎందుకు తీసుకున్నానో, ఆరు నెలల్లో ఏం జరుగుతుందనుకుంటున్నానో నాలుగు వాక్యాల్లో రాసి తేదీ వేస్తాను. ఆరు నెలల తర్వాత తెరుస్తాను. ఆ సంక్షోభం ఏడాదిలో నేను రాసుకున్నవి తర్వాత చదివితే, "రెన్యువల్స్ తగ్గడానికి కారణం సేల్స్ టీము" అని నా చేతిరాతలోనే మూడుసార్లు ఉంది. మూడుసార్లూ ఆధారమేదీ రాయలేదు. జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటే నేనిది ఎప్పటికీ ఒప్పుకునేవాణ్ని కాదు. కస్టమర్ల గురించి ముందే అనుమానం ఉండేదని నన్ను నేను నమ్మించుకునేవాణ్ని.

ఇక టీము మౌనం. దీని మీద నాకు బాగా నచ్చే ఉదాహరణ టొయోటాది. ఆ కంపెనీ మూలాలు సకిచి టొయోడా అనే మగ్గాల తయారీదారుడి దగ్గరున్నాయి. ఆయన తయారుచేసిన మగ్గంలో ఒక గుణం ఉండేది, పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగిపోతుంది. తప్పు నేత ముందుకు సాగదు, ఏ క్షణంలో తప్పు జరిగిందో అక్కడే కనిపిస్తుంది. 1929లో ఆ మగ్గం పేటెంటు హక్కుల్ని బ్రిటన్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్‌కు అమ్మారు. కొడుకు కీచిరో కార్ల వైపు మళ్లాడు, 1937లో టొయోటా మోటార్ కంపెనీ ఏర్పడింది. మగ్గాల నుంచి కార్లకు ఎంత దూరమో చూడండి. అయినా పోగు తెగితే ఆగిపోవాలన్న ఆలోచన వాళ్లతోపాటే వచ్చింది. టొయోటా ఫ్యాక్టరీలో లోపం చూసిన ఏ కార్మికుడైనా తాడు లాగి సాయం పిలవచ్చు. సమస్య అక్కడికక్కడ తేలకపోతే లైను ఆగుతుంది.

తాడు కట్టడం సులువే. లాగినవాడి వైపు పైవాళ్లు ఎలా చూస్తారన్నదే అసలు విషయం. మా దగ్గర ఆ అమ్మాయి ఒకసారి తాడు లాగింది, నేను విసుక్కున్నాను. రెండోసారి ఎవరూ లాగలేదు. దాన్ని సరిచేయడానికి నేను చేసినవి చిన్నవే. సోమవారం మీటింగ్ ఆమె రాసుకున్న పేరులేని పేజీతో మొదలుపెట్టడం. ఎవరైనా చెడు వార్త చెబితే మొదటి మాటగా "ఎందుకిలా జరిగింది" అనకుండా "ఇంకా ఏం చూశావు" అని అడగడం. నా అభిప్రాయం అందరికంటే చివర్న చెప్పడం. ఈ మూడోది చాలా కష్టం, ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పుతుంటాను. నాలుగు నెలల దాకా ఏ మార్పూ కనిపించలేదు. టీము నమ్మడానికి అంతకాలం పట్టడం న్యాయమే, అంతకుముందు చాలా ఏళ్లు వాళ్లను మాట్లాడనివ్వలేదు కదా.

వ్యాపారం మార్చడం గురించి మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. కొత్త అవతారం అనగానే పాతదంతా తీసి పారేయాలనుకుంటారు. ఫొటో ఫిల్ముల కంపెనీ కోడక్‌లో ఇంజనీరు స్టీవ్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక్క ఫొటో క్యాసెట్ టేపులోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అంటే రాబోయేదేమిటో కోడక్‌కి అందరికంటే ముందే తెలుసు. తర్వాత డిజిటల్‌లోకి దిగింది కూడా. అయినా లాభమంతా ఫిల్ము మీదే ఆధారపడి ఉండటంతో 2012 జనవరిలో అప్పులవాళ్ల నుంచి కోర్టు ద్వారా దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. జపాన్ కంపెనీ ఫుజీఫిల్మ్‌కి కూడా ఫిల్మే ప్రాణం. షిగెటాకా కొమోరి నాయకత్వంలో వాళ్లు తమ చేతిలో ఉన్న టెక్నాలజీలన్నిటికీ లెక్క తీశారు. ఫిల్ములో చర్మంలోనూ ఉండే కొలాజెన్ అనే ప్రొటీన్ వాడతారు, రంగు వెలిసిపోకుండా ఆక్సీకరణను ఆపే రసాయనాలు వాడతారు. ఆ పరిజ్ఞానంతోనే చర్మ సంరక్షణ ఉత్పత్తులు తెచ్చారు. ఫిల్ముకి ఆధారంగా వాడే పొర లాంటిదే ఎల్‌సీడీ తెరలకూ కావాలి, అదీ పెద్ద వ్యాపారమైంది.

ఇది చదివాక మేమూ ఒక రోజంతా బోర్డు ముందు కూర్చుని, మాకు నిజంగా ఏం వచ్చో రాశాం. అందమైన రిపోర్టులు చాలామంది చేయగలరు. మాకు ప్రత్యేకంగా వచ్చింది కొలతల మార్పిడి. పెట్టెల్లో కొని, డజన్లలో దింపి, విడిగా అమ్మి, అందులో రెండు వాపసు వస్తే లెక్క ఎక్కడ తప్పుతుందో మాకు తెలిసినంతగా కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. తొమ్మిదేళ్లు కస్టమర్ల తిట్లు తిని నేర్చుకున్న విద్య అది. ఆ భాగాన్ని ఉంచుకుని, మిగతాదంతా ఫోను కోసం కొత్తగా రాశాం.

ఇందులో నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. కొత్త ప్రాడక్టు కోసం వేరే గదిలో వేరే టీము పెట్టాను, పాత టీముకి ఏమీ చెప్పలేదు. వాళ్లు ఊహించుకోవాల్సింది ఊహించుకున్నారు. మొదటి నుంచీ నాతో ఉన్న ప్రోగ్రామర్ మానేశాడు. నలుగురికి తమ ఉద్యోగం ఉండదన్న సంగతి నా నోటి నుంచి కాకుండా గాలివార్తగా తెలిసింది. అది ఇప్పటికీ బాధే.

స్టీవర్ట్ బటర్‌ఫీల్డ్ కథ నాకు తర్వాత తెలిసింది. ఆన్‌లైన్ గేము చేయబోయి, అది సాగక, దాని నుంచి ఫొటోలు పంచుకునే వెబ్‌సైట్ ఫ్లికర్‌ను పుట్టించిన మనిషి. మళ్లీ గ్లిచ్ అనే గేము చేశాడు. అదీ సాగక 2012 చివర్లో మూసేశాడు. ఆ సంగతి టీముకి తనే చెప్పాడు, చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ గేము చేస్తున్నప్పుడు టీము తమలో తాము మాట్లాడుకోవడానికి అల్లుకున్న పనిముట్టే స్లాక్ అనే ఆఫీసు మెసేజింగ్ యాప్‌గా 2013లో బయటికొచ్చింది. అక్కడా అంతే, పనికొచ్చేది అప్పటికే చేతిలో ఉంది.

ఇలాంటి కథల్లో గెలిచినవే మన దాకా వస్తాయి. అందుకే మార్చడానికి ముందు ఒకటి చూసుకోండి. డబ్బు కట్టే కస్టమర్లు మీ మీద గట్టిగా ఫిర్యాదు చేస్తుంటే వాళ్లకు మీ వస్తువు ఇంకా కావాలి, దాన్ని బాగుచేయండి. ఫిర్యాదు కూడా చేయకుండా వెళ్లిపోతుంటే అప్పుడు మార్పు గురించి ఆలోచించండి. మీకే విసుగొచ్చి మార్చాలనిపిస్తుంటే మాత్రం నెల రోజులు సెలవు తీసుకోండి, అది వ్యాపారం సమస్య కాదు. చేతిలో కనీసం ఏడాది జీతాలకు సరిపడా డబ్బు లేకుండా మాత్రం మొదలుపెట్టకండి. మాకు పద్నాలుగు నెలలు పట్టింది, చివరి రెండు నెలలు చాలా భయంగా గడిచాయి.

మీ టీములో ఇద్దరు సీనియర్లు అస్సలు మాట్లాడరని రాశారు. వాళ్లను మీటింగులో అందరి ముందూ అడగకండి. విడివిడిగా కూర్చోబెట్టి, "నేను గతంలో కొట్టిపారేసిన మీ మాట ఏదైనా ఉందా" అని అడగండి. మొదటిసారి లేదనే అంటారు. వారం ఆగి మళ్లీ అడగండి. రెండోసారి ఏదో ఒకటి చెబుతారు. అప్పుడు మీ వైపు నుంచి వివరణ ఇవ్వకుండా, వాళ్ల ముందే కాగితం మీద రాసుకోండి.