చూడని ఊరికి వారసురాలు కావచ్చునా?

ప్రశ్న: మా మేనకోడలు అమెరికాలో చిత్రకళ చదువుతోంది. ఆమెతో చదివే ఒక అమ్మాయి తల్లిదండ్రులు అఫ్గానిస్థాన్ నుంచి వెళ్ళినవారు. ఆ అమ్మాయి మాత్రం కాబూల్‌ను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఇప్పుడు తివాచీల నమూనాలతో, నాయనమ్మ చెప్పిన కబుర్లతో పెద్ద పెద్ద చిత్రాలు వేసి, ఇదే నా వారసత్వం అంటోందట. చూడని ఊరి గురించి బొమ్మలు వేయడం వేషం కట్టడమేనని మావారు అంటారు, నేను ఒప్పుకోను. మీరేమంటారు?
– ఒక డ్రాయింగు టీచరు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నేను మీ పక్షమే. అయితే మీవారి అనుమానాన్ని పూర్తిగా తోసిపుచ్చలేను. తాతముత్తాతల దేశం పేరు చెప్పుకున్నంత మాత్రాన చిత్రానికి బలం రాదు. ఆ దేశం గురించి తెలుసుకోవడానికి చిత్రకారిణి పడిన శ్రమ చిత్రంలో కనబడాలి.

ముందుగా ఆ అమ్మాయి తన ఊరిని ఎందుకు చూడలేకపోయిందో ఆలోచించండి. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లో ప్రవేశించాయి. 1990 నాటికి 60 లక్షలకు పైగా జనం దేశం విడిచి, అత్యధికులు పాకిస్థాన్, ఇరాన్‌లలో తలదాచుకున్నారు. కొందరు జర్మనీకి, కెనడాకు, అమెరికాకు చేరుకున్నారు. మన పిల్లలు ఉద్యోగాల కోసం వెళ్ళి, సెలవు దొరికితే సంక్రాంతికి ఇంటికి వస్తారు. ప్రాణభయంతో సరిహద్దు దాటినవారికి ఆ వీలు లేదు. వారి పిల్లలకు స్వదేశం అమ్మ వంటలోనూ, ఇంట్లో మాట్లాడే దరీ లేదా పష్తో భాషలోనూ, పెద్దలు చెప్పీ చెప్పకుండా వదిలేసే సంగతులలోనూ ముక్కలు ముక్కలుగా అందుతుంది. ఆ ముక్కల మధ్య ఖాళీని ఏం చేస్తారన్న దానిలోనే ఒక్కొక్కరి ప్రతిభ తెలుస్తుంది.

అటువంటి ముగ్గురు కళాకారిణులను చూడండి. లీదా అబ్దుల్ 1973లో కాబూల్‌లో పుట్టారు. యుద్ధం వల్ల దేశం విడిచి, జర్మనీలోనూ మన దేశంలోనూ శరణార్థిగా గడిపి, తర్వాత అమెరికా చేరారు. పెద్దయ్యాక తిరిగి వెళ్ళినప్పుడు ఆమె కాబూల్ పరిసరాలలో కూలిపోయిన ఒక భవనపు శిథిలాలకు కుంచె పట్టుకొని తెల్లరంగు పూస్తూ, ఆ పనినే వీడియో చిత్రంగా మలిచారు. ఎవరూ కాపురముండని రాళ్ళగుట్టకు ఒక స్త్రీ ఓపికగా సున్నం వేసినట్టు రంగు వేస్తూ ఉంటుంది, అంతే. 2005లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో అఫ్గానిస్థాన్ తొలిసారి పాల్గొన్నప్పుడు ఆ దేశానికి ప్రాతినిధ్యం వహించినది ఆమే.

మరియమ్ ఘనీ 1978లో న్యూయార్క్‌లోనే పుట్టారు. ఆమె తండ్రి తర్వాతి కాలంలో అఫ్గాన్ అధ్యక్షులయ్యారు. ఆమె ఎంచుకున్న దారి వేరు: 1978కీ 1991కీ నడుమ కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో మొదలై ఆగిపోయిన అయిదు కథాచిత్రాల రీళ్ళను వెతికి, వాటిలో పనిచేసినవారితో మాట్లాడి, 2019లో ఒక డాక్యుమెంటరీగా రూపొందించారు. ఇక హంగామా అమీరి 1989లో పాకిస్థాన్‌లోని పెషావర్‌లో పుట్టి, కొంత బాల్యం కాబూల్‌లో గడిపి, 1996లో కుటుంబంతో దేశం విడిచి, 2005లో కెనడా చేరారు. ఆమె గుడ్డపీలికలను అతికి కుట్టి కాబూల్ బజారును, అక్కడి దుకాణాలను, బ్యూటీ పార్లర్లను నిలువెత్తున నిలబెడతారు. ఈ ముగ్గురిలో ఎవరినీ వేషం కట్టారని అనలేము.

ఇప్పుడు ఆ అమ్మాయి తివాచీల సంగతి. మీవారి ప్రశ్నకు పదును ఉన్నది ఇక్కడే. అఫ్గాన్ తివాచీ అని ఒకటే లేదు. అంగళ్ళలో ఎక్కువగా కనబడే ఎరుపు నేల మీద అష్టకోణాల పూల వరస తుర్క్‌మెన్ జాతి నేతగాళ్ళది. ఆ పూవు ఆకారాన్ని బట్టి ఏ తెగవారిదో తెలిసినవారు చెప్పగలరు. బలూచీల నేత వేరు, ముదురు రంగులు వారికి ఇష్టం. పెడన అచ్చు కలంకారీని, శ్రీకాళహస్తి కలం పనిని ఒకటిగా చూపిస్తే మనం ఒప్పుకుంటామా? మరో జాతి అయిన పష్తూన్ ఇంటి బిడ్డ తుర్క్‌మెన్ పూవును వాడుకోవచ్చు, తప్పు లేదు. అది తన పొరుగింటివారిదని తెలిసి వాడాలి. సోవియట్ యుద్ధం మొదలైన తర్వాత నేతగాళ్ళు పూల స్థానంలో హెలికాప్టర్లను, ట్యాంకులను, కలాష్నికోవ్ తుపాకులను నేసిన తివాచీలు కూడా ఉన్నాయి. ఆ అమ్మాయి నాయనమ్మ గుర్తుంచుకున్న తివాచీ ఏది, ఎవరు నేసినది? మీ మేనకోడలిని ఈ ప్రశ్న ఆమెను అడగమని చెప్పండి. చెప్పగలిగితే మీవారికి జవాబు దొరికినట్లే.

ప్రశ్న: అఫ్గాన్ మూలాలు వెతుక్కునే ముస్లిం కుటుంబాల కళాకారులు బుద్ధుడి బొమ్మలు కూడా వేస్తున్నారని విన్నాను. అది వారి వారసత్వం ఎలా అవుతుంది?
– ఒక డిగ్రీ విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమరావతికి కూతవేటు దూరంలో ఉన్న మీకు ఇది త్వరగానే అర్థమవుతుంది. నేడు అమరావతి చుట్టుపక్కల బౌద్ధులు దాదాపు లేరు, అయినా ఆ స్తూపం మనదేనని అందరం అనుకుంటాము. అఫ్గాన్లకు తమ దేశంలోని బామియాన్ లోయ అటువంటిదే. కొండను తొలిచి మలచిన ఆ రెండు బుద్ధ విగ్రహాలలో ఒకటి 55 మీటర్లు, మరొకటి 38 మీటర్లు. 2001 మార్చిలో తాలిబన్లు వాటిని పేల్చివేశారు. ఆ లోయలో నివసించే హజారా జాతివారు ముస్లింలే. హజారా కుటుంబానికి చెందిన చిత్రకారుడు ఖాదిమ్ అలీ 1978లో పాకిస్థాన్‌లోని క్వెట్టాలో పుట్టి, లాహోర్‌లో సూక్ష్మచిత్రకళ నేర్చి, ఆస్ట్రేలియాలో స్థిరపడినా ఆయన చిత్రాలలో ఆ విగ్రహాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి.

మనకు ఇంకాస్త దగ్గర సంగతి ఒకటుంది. కాబూల్‌కు ఉత్తరాన బెగ్రామ్‌లో 1937, 1939 సంవత్సరాలలో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వినప్పుడు మూసివేసిన గదులలో భారతీయ దంతపు చెక్కడాలు బయటపడ్డాయి. తోరణాల కింద నిలబడిన స్త్రీమూర్తులు, వారి నగలు, నడుము వంపులు చూసిన పండితులు వాటిని మథుర, సాంచీ, అమరావతి శిల్పాలతో పోల్చారు. 1990లలో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు కాబూల్ మ్యూజియం నుంచి వాటిలో చాలా దొంగల పాలయ్యాయి. కొన్నింటిని ఒక దాత కొని ఇవ్వగా, బ్రిటిష్ మ్యూజియం బాగుచేసి 2012లో కాబూల్‌కు తిరిగి పంపింది. అదే మ్యూజియంలో ఉన్న మన అమరావతి పలకలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

ప్రశ్న: ఆడపిల్లలకు చదువే లేకుండా చేసిన అఫ్గానిస్థాన్‌లో ఈ కళలు ఎలా నిలుస్తాయి? బయట పెరిగినవారు చేయగలిగినది ఏమైనా ఉందా?
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: 2021 ఆగస్టులో తాలిబన్లు మళ్ళీ అధికారానికి వచ్చాక ఆరో తరగతి దాటిన బాలికలకు బడి మూతపడింది, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు కూడా మూశారు. చాలా బాధ కలిగించే విషయం. అయితే ఈ కళలలో కొన్ని మొదటి నుంచీ బడిలో నేర్చినవి కావు. కాందహార్ ఆడవారు వేసే ‘ఖామక్’ అనే కుట్టు చూడండి. గుడ్డలోని పోగులను లెక్కపెట్టుకుంటూ పట్టుదారంతో అతి సన్నని గళ్ళ ముగ్గులు కుడతారు. తెల్ల గుడ్డ మీద తెల్లదారమే వాడితే వెలుతురుకు అడ్డంగా తిప్పి చూస్తేనే పనితనం బయటపడుతుంది. ఎక్కువగా మగవారి చొక్కా ఛాతీ భాగం మీద, శాలువల మీద వేస్తారు. ఇది తల్లి పక్కన కూతురు కూర్చుని నేర్చుకునే విద్య.

విదేశంలో పెరిగిన చిత్రకారిణి ఆ కుట్టును తన కాన్వాసు మీద వాడదలచుకుంటే, ఫొటో చూసి అచ్చు దించకుండా, వలస వచ్చిన పెద్దలలో అది వచ్చినవారి దగ్గర కూర్చుని చేత్తో నేర్చుకోవాలని నా అభిప్రాయం. పోగు లెక్క తప్పితే విప్పి మళ్ళీ కుట్టాల్సిందే; ఆ ఓపిక అలవడితే చిత్రం తీరే మారుతుంది. అలాగే ప్రదర్శన గోడ మీద తన పేరు పక్కన ఆ కుట్టు నేర్పిన స్త్రీ పేరు, ఊరు కూడా రాయాలి. ఆమె బంధువులు ఇంకా అక్కడే ఉండి, పేరు బయటికి వస్తే వారికి ముప్పు అనిపిస్తే, ఊరి పేరు ఒక్కటి రాసినా చాలు.